బీజీఎంఐ స్క్వాడ్‌లో మైక్ ఎలా వాడాలి: ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, ఎప్పుడు ఊరుకోవాలి

"వచ్చేశారు వచ్చేశారు! ఇక్కడే ఉన్నాడు, కొడుతున్నాడు, చూడండ్రా!"

రాండమ్స్‌తో, అంటే గేమే జతచేసే ముక్కూ మొహం తెలియనివాళ్లతో, ఆడిన ప్రతివాళ్లూ ఈ అరుపు వినే ఉంటారు. దీన్నిబట్టి మిగతా ముగ్గురికీ తెలిసే సంగతి ఒక్కటే, అరిచినవాడు ఇంకో రెండు సెకన్లలో నాక్ అవుతాడని, అంటే దెబ్బకి కూలబడి పాకుతాడని. వచ్చింది ఎంతమంది, ఏ వైపు నుంచి, ఎంత దూరంలో ఉన్నారు, ఇవేవీ ఆ అరుపులో లేవు. "ఎక్కడ బ్రో?" అంటే "ఇక్కడే!" అంటాడు. ఆ "ఇక్కడ" ఎక్కడో కనుక్కునేలోపు చచ్చి క్రేట్ అయిపోతాడు, ఆ తర్వాత "ఒక్కడూ సపోర్ట్ చెయ్యలేదు" అని ముగ్గుర్నీ తిడతాడు.

దీనికి మందు ఉంది, కష్టమైనది కూడా కాదు. కింద రాసిందంతా బీజీఎంఐ (బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) క్లాసిక్ మోడ్‌లో, అంటే విమానంలోంచి దూకి, ఆయుధాలు ఏరుకుని (లూట్), చివరిదాకా మిగిలిన టీమ్ గెలిచే ఆటలో, నలుగురి స్క్వాడ్‌ని దృష్టిలో పెట్టుకుని రాసింది, మన దగ్గర ఫోన్‌లో నలుగురు కలిసి ఆడే ఆట అంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది అదే కాబట్టి. వాలరెంట్, అమాంగ్ అస్ లాంటివాటి గురించి చివర్లో కొంచెం చెప్తాను.

ముందు ఒక సంగతి బుర్రలో పెట్టుకోండి, మిగతావన్నీ దాన్నుంచే వస్తాయి. ఈ ఆటలో సగం పని చెవులదే. పై అంతస్తులో అడుగుల చప్పుడు, దూరంగా వస్తున్న బండి, ఏ వైపు నుంచి కాల్పులు, ఇవన్నీ ఏ ఇయర్‌ఫోన్స్‌లో వినిపిస్తాయో మీ గొంతూ అందులోనే వినిపిస్తుంది. మీరు మాట్లాడే ప్రతి మాటా మిగతా ముగ్గురి చెవుల్లో అడుగుల చప్పుడుని కప్పేస్తుంది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న "నాకు చెప్పాలనిపిస్తోందా?" కాదు, "ఇది వింటే వాళ్లలో ఒక్కరైనా ఇప్పుడు ఏదైనా చేయగలరా?" అన్నది. చేయగలిగితే చెప్పండి. లేదంటే లూట్ చేసేటప్పుడు తీరిగ్గా చెప్పుకోవచ్చు.

1. గేమ్ ఓపెన్ చేసే ముందు

ఇయర్‌ఫోన్స్ లేకుండా మైక్ ఆన్ చేయకండి. ఫోన్ స్పీకర్‌లో గేమ్ పెట్టుకుని మైక్ ఆన్ చేస్తే మీ ఫోన్‌లో వచ్చే తుపాకీ చప్పుళ్లు, అవతలివాళ్ల మాటలు మళ్లీ వాళ్లకే వెళ్తాయి, ఎవడి మాట వాడికే కాస్త ఆలస్యంగా వినిపిస్తుంది. నాలుగైదు నిమిషాలు అలా వింటే ఎవరికైనా తలనొప్పి వస్తుంది. ఇరవై ముప్పై వేల ఫోన్ కొని వంద రూపాయల ఇయర్‌ఫోన్స్ కొనడానికి వెనకాడేవాళ్లు ఎందుకున్నారో నాకైతే అర్థం కాదు.

ఫ్యాన్ కింద సరిగ్గా కూర్చుంటే మైక్‌లో తుఫాను వచ్చినట్టు ఉంటుంది, కొంచెం పక్కకి జరగండి. కుక్కర్ విజిల్, సీరియల్, పక్కింటి కుక్క, వీటిని మీరు ఆపలేరు కానీ మైక్ ఆపగలరు. మాట్లాడేటప్పుడు ఆన్ చేసి, అయ్యాక ఆఫ్ చేసే అలవాటు ఉంటే మీ ఇంట్లో ఆ రోజు ఏం కూరో ముక్కూ మొహం తెలియని ముగ్గురికి తెలియకుండా ఉంటుంది. తుపాకీ కాలుస్తూ మైక్ బటన్ నొక్కడం కుదరదు అంటారు, నిజమే. అందుకే ఫైట్ మొదలవబోతోంది అనిపించగానే ఆన్ చేసి పెట్టుకోండి, అది అయిపోయి లూట్‌లో పడ్డాక ఆఫ్ చేయండి.

ఇంకో రెండు చూసుకోండి. వాయిస్ ఛానెల్ "టీమ్" మీద ఉందా, "ఆల్" మీద ఉందా? ఆల్ మీద ఉంటే మీ ప్లాన్ మీ స్క్వాడ్ బయటికీ వెళ్లొచ్చు. రెండోది, ఫోన్‌లో డు నాట్ డిస్టర్బ్ పెట్టండి. ఫైట్ మధ్యలో పర్సనల్ లోన్ కావాలా అని కాల్ వస్తే మీ మనిషి మైదానం మధ్యలో కొయ్యబొమ్మలా నిలబడిపోతాడు, అవతల మీ టీమ్‌మేట్ "బ్రో, స్మోక్ (పొగబాంబు) వెయ్యి" అని మొత్తుకుంటూ ఉంటాడు.

2. లాబీలో, విమానంలో తేల్చుకోవాల్సినవి

బీజీఎంఐ మన దేశం కోసమే తెచ్చిన ఆట. 2020 సెప్టెంబర్‌లో పబ్‌జీ మొబైల్‌ని నిషేధించాక, 2021 జులైలో ఇది వచ్చింది. అంటే రాండమ్‌గా దొరికే ముగ్గురూ దాదాపుగా మన దేశంవాళ్లే, కాకపోతే ఒకడు పట్నా, ఒకడు కొచ్చి, ఒకడు కడప కావచ్చు. భాష ఏదో మొదటి నిమిషంలోనే తేల్చేసుకోండి. హైదరాబాద్ కుర్రాళ్లకి హిందీతో పెద్ద ఇబ్బంది ఉండదు, శ్రీకాకుళం పిల్లాడికి ఉండొచ్చు. "హిందీ రాదు బ్రో, ఇంగ్లీష్‌లో చెప్పండి" అని ఒక్కసారి అనడంలో సిగ్గేమీ లేదు. పెద్ద ఇంగ్లీష్ కూడా అక్కర్లేదు, "టూ టెన్, హౌస్, టూ ఎనిమీస్" అంటే దేశమంతా అర్థమవుతుంది (ఆ టూ టెన్ సంగతి నాలుగో భాగంలో చెప్తాను).

స్క్వాడ్‌లో ఇద్దరు తెలుగువాళ్లు పడితే ఇంకో చిక్కు. "అరె మీది ఎక్కడ? వరంగలా? మాది హన్మకొండ!" అని ఇద్దరూ మొదలుపెడతారు, మిగతా ఇద్దరూ మూగవాళ్లైపోతారు. కబుర్లు తెలుగులో చెప్పుకోండి, అందులో తప్పేం లేదు, కానీ ఎనిమీ గురించి చెప్పే ప్రతి మాటా నలుగురికీ తెలిసిన భాషలోనే ఉండాలి. నలుగురూ తెలుగువాళ్లే అయితే మరీ మంచిది. అప్పుడు కూడా ఒకరి యాస మీద ఒకరు జోకులు వేసుకోవద్దు, "మీ గోదావరోళ్లు", "మీ తెలంగాణోళ్లు" అని సరదాగా మొదలైంది మూడో జోన్ (ఆడే చోటు మూడోసారి కుంచించుకునే దశ) వచ్చేసరికి గొడవై కూర్చుంటుంది.

ఎలా పిలవాలి? తెలియనివాళ్లని "బ్రో" అంటే ఎవరికీ ఇబ్బంది లేదు, "అన్నా" అన్నా బాగుంటుంది. "రా", "ఒరేయ్", "మామా" ఇవన్నీ సొంత దోస్తులకి, అవతలివాళ్లు తామే మొదలుపెట్టేదాకా ఆగండి. ఫైట్‌లో మాత్రం పేరుతో పిలవాలని చూడకండి, సగం ఐడీలు నోరు తిరగని గుర్తులతో ఉంటాయి. స్క్వాడ్‌లో ప్రతివాళ్లకీ ఒక నంబర్, ఒక రంగు ఉంటుంది. "నంబర్ త్రీ, నీ వెనక" అంటే సరిపోతుంది.

ఎవరు నడిపించాలి అన్నది కూడా ఇక్కడే. ఎక్కడ దిగాలి, ఎప్పుడు కదలాలి, రష్ చేయాలా (మీదకి దూసుకెళ్లాలా) వద్దా, ఈ మూడు ఒక్కరే చెప్తే మంచిది. ఆ ఒక్కరూ మీరే కావాలని పట్టుబట్టకండి. మీ ప్లాన్ వాళ్లదానికన్నా బాగుండొచ్చు, కానీ ఇద్దరు ఒక మంచి ప్లాన్‌లో, ఇంకో ఇద్దరు మరో మంచి ప్లాన్‌లో వెళ్లడం కన్నా నలుగురూ కలిసి ఒక నాసిరకం ప్లాన్‌లో వెళ్లడమే మేలు. అభ్యంతరం ఉంటే ఒక్క మాటలో చెప్పండి, "ఆ కొండ ఓపెన్‌గా ఉంది, ఎడమ నుంచి తిరిగి వెళ్దామా?" అని. వినకపోతే వాళ్ల వెనకే వెళ్లండి. "నేను ముందే చెప్పా" అని తర్వాత అనకండి.

దూకేటప్పుడు తమ వెనకే దిగేలా ఫాలో పెట్టిన ముగ్గుర్నీ అడగకుండా, జనం ఎక్కువ దిగే పొచింకి అనే ఊళ్లో దింపేసేవాళ్లున్నారు. పొచింకి ఇష్టమైతే దిగండి, కాకపోతే ముందే మ్యాప్ మీద మార్క్ వేసి "పొచింకి, ఓకేనా?" అని అడగండి. ఒకడికి ర్యాంక్ పాయింట్లు కావాలి, ఒకడికి కిల్స్ కావాలి, ఈ సంగతి విమానంలోనే బయటపడితే మంచిది.

3. లూట్ చేసేటప్పుడు

ఇక్కడ మాట కంటే మార్కర్ నయం. ఎం416 తుపాకీ కనిపించింది, మీకు వద్దు, దాని మీద మార్క్ వేస్తే అందరికీ కనిపిస్తుంది, "ఎవరికైనా ఎం4 కావాలా, ఇక్కడ ఉంది, ఎవరికైనా కావాలా" అని మూడుసార్లు చెప్పనక్కర్లేదు. మీకు కావాల్సింది ఉంటే ఎంత కావాలో కూడా కలిపి అడగండి. "యామో (బుల్లెట్లు) లేదు" అంటే ఎవరూ కదలరు. "7.62 ఒక 60 కావాలి" అంటే ఆ సైజు బుల్లెట్లు వాడే ఏకేఎం తుపాకీ పట్టుకున్నవాడు తన దగ్గర ఎన్ని ఉన్నాయో చూసి పడేస్తాడు. 5.56 సైజు వాడేవాడు అసలు చూడనక్కర్లేదు, అతనికి మీ ప్రశ్నతో పని లేదు.

క్రేట్ (చనిపోయినవాడి సామాను పెట్టె) విషయంలో రాసిపెట్టిన రూల్ ఏదీ లేదు కానీ మర్యాద ఉంది. ఎవరు కొట్టారో ముందు వాళ్లు చూసుకుంటారు. మీ తుపాకీలో నిజంగా బుల్లెట్లు లేకపోతే అడిగి తీసుకోండి, అదేం పెద్ద విషయం కాదు. ఎయిర్‌డ్రాప్‌లో (విమానం జారవిడిచే పెట్టెలో) ఏడబ్ల్యూఎం స్నైపర్ తుపాకీ దొరికితే పరిగెత్తి ముందు పట్టుకున్నవాడిది అనుకోకండి, స్నైపింగ్ వచ్చినవాడికి ఇస్తే స్క్వాడ్‌కి లాభం. ఇది చెప్పడం తేలిక అని నాకూ తెలుసు. కబుర్లు, పాటలు, నిన్నటి మ్యాచ్ ముచ్చట్లు, అన్నిటికీ ఈ సమయమే సరైనది, చుట్టుపక్కల ఎవరూ లేరని ఖాయమయ్యాక.

4. ఎనిమీ కనిపిస్తే

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, అందుకే కొంచెం ఎక్కువ రాస్తాను.

వరస ఇలా పెట్టుకోండి: ఎక్కడ, ఎంతమంది, ఏం చేస్తున్నారు. "210, రెండంతస్తుల ఇల్లు, పై కిటికీ, ఒక్కడు." అంతే. నంబర్ ముందు ఎందుకంటే, మీ మాట సగంలో తుపాకీ మోత వచ్చినా మిగతావాళ్లు ఆ వైపుకి తిరిగైనా ఉంటారు. "ఒకడు ఉన్నాడు, కిటికీలో, పైన, ఆ ఇంటికి, అదే 210లో" అని చెప్పే లోపు వాడు రెండో కిటికీకి మారిపోతాడు.

స్క్రీన్ పైన ఉండే కంపాస్‌ని చాలామంది అలంకారం అనుకుంటారు. ఉత్తరం నుంచి లెక్క, తూర్పు 90, దక్షిణం 180, పడమర 270, మధ్యలో ప్రతి 15 డిగ్రీలకీ ఒక గీత. మీరు ఎటు చూస్తుంటే ఆ నంబర్ మధ్యలో ఉంటుంది, ఎనిమీ వైపు తిరిగి మధ్యలో ఏముందో చదివేయడమే.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది, బాగా ఆడేవాళ్లు కూడా దీని దగ్గర తడబడతారు. మీరు చెప్పే నంబర్ మీరు నిలబడ్డ చోటు నుంచి. ఎనిమీ మీకు సరిగ్గా ఉత్తరాన 100 మీటర్ల దూరంలో ఉన్నాడు, మీ టీమ్‌మేట్ మీకు తూర్పున 100 మీటర్లలో ఉన్నాడు అనుకోండి. మీకు 0 దగ్గర ఉన్న ఎనిమీ అతనికి 315లో, అంటే వాయవ్యంలో ఉంటాడు. మీరు "నార్త్, నార్త్" అని అరుస్తుంటే అతను ఉత్తరానికి తిరిగి ఖాళీ పొలం చూస్తుంటాడు. అదే ఎనిమీ 400 మీటర్ల దూరంలో ఉంటే అతనికి 345 దగ్గర కనిపిస్తాడు, మీ నంబర్‌కి ఒక్క గీత తేడా, అప్పుడు దొరికిపోతాడు. కాబట్టి దూరంగా ఉన్నవాడికి కంపాస్ నంబర్, దగ్గరున్నవాడికి మార్కర్. లేదా "నా నుంచి 210" అని చెప్పండి, ఆ "నా నుంచి" వింటే మిగతావాళ్లు మ్యాప్‌లో మిమ్మల్ని చూసి లెక్కేసుకుంటారు.

ఎడమ, కుడి అన్న మాటలు నలుగురూ ఒకే బండిలో ఉన్నప్పుడు తప్ప పనికిరావు. "చెట్టు వెనక" కూడా అంతే, ఎరాంగెల్ మ్యాప్‌లో ఎన్ని చెట్లున్నాయో మీకూ తెలుసు. చుట్టుపక్కల ఒక్కటే ఉన్న వస్తువు పట్టుకోండి: చర్చి, వాటర్ ట్యాంక్, కాలిపోతున్న జీపు, మూడంతస్తుల ఇల్లు.

దెబ్బ తగిలిందని చెప్పేటప్పుడు నిజం చెప్పండి. "వన్ హెచ్‌పీ, వన్ హెచ్‌పీ, రష్ చెయ్యండి!" అని, అంటే వాడికి ప్రాణం కొంచెమే మిగిలిందని, చెప్పిన మాట నమ్మి వెళ్లి ఫుల్ హెల్త్‌తో ఉన్నవాడి చేతిలో పోయినవాళ్లు ఎంతమందో. మీరు కొట్టింది రెండు బుల్లెట్లైతే "రెండు తగిలాయి" అనండి. హెడ్‌షాట్ అయితే అదీ చెప్పండి. దాన్నిబట్టి వెళ్లాలా వద్దా వాళ్లు తేల్చుకుంటారు.

నాక్ అయితే "నాక్", నేరుగా చనిపోతే "డైరెక్ట్ ఫినిష్" అని తేడా చూపించి చెప్పండి, ఈ తేడా చాలా పని చేస్తుంది. స్క్వాడ్ మ్యాచ్‌లో ఎనిమీ నాక్ అయి పాకుతున్నాడంటే వాడి టీమ్‌లో ఇంకొకడు ఎక్కడో నిలబడి ఉన్నాడని అర్థం. దెబ్బకి నేరుగా క్రేట్ అయ్యాడంటే ఆ టీమ్‌లో నిలబడ్డవాడు ఇక లేడు. మొదటిది వింటే మిగతావాళ్లు కవర్ వదలరు, రెండోది వింటే లూట్‌కి వెళ్లొచ్చు, థర్డ్ పార్టీ (మూడో టీమ్‌వాడు) ఎవడైనా వస్తున్నాడేమో మాత్రం చూసుకుంటూ.

పాత వార్త చెప్పకండి, చెప్పినదాన్ని సరిదిద్దకుండా వదలకండి. పది సెకన్ల కిందట ఆ ఇంట్లో ఉన్నాడు, ఇప్పుడు కనిపించట్లేదంటే "పోయాడు, ఎటు వెళ్లాడో చూడలేదు" అనండి. చూడలేదని చెప్పడం కూడా సమాచారమే. అది చెప్పకపోతే ముగ్గురూ ఖాళీ కిటికీకి గురిపెట్టి కూర్చుంటారు, వాడు వెనక నుంచి వస్తాడు.

గ్రెనేడ్, మొలటోవ్ వేసే ముందు ఒక్క మాట, "నేడ్ వేస్తున్నా, లోపలికి వెళ్లొద్దు." ఎనిమీని కొట్టాలని వేసింది మన వాళ్లనీ కొడుతుంది. స్మోక్ వేసేటప్పుడు కూడా చెప్పాలి, మీ పక్కనే ఒకడు స్కోప్ పెట్టుకుని గురిచూస్తుంటాడు, మీరు అతని ముందే స్మోక్ వేస్తే గురి మొత్తం పోతుంది. బండి నడిపేవాళ్లు ఎక్కడ ఆపుతారో ముందే చెప్పాలి, కూర్చున్నవాళ్లు బండి ఆగకముందే దూకకూడదు, దెబ్బ తగిలేది వాళ్లకే, ఆ దెబ్బకి ఫస్ట్ ఎయిడ్ అడిగేదీ వాళ్లే.

5. నాక్ అయ్యాక, చనిపోయాక

నాక్ అయినవాడి మైక్‌లో ఒక్కటే పాట ఉంటుంది, "రివైవ్ రివైవ్ రివైవ్". మీరు నాక్ అయ్యారని అందరికీ స్క్రీన్ మీద కనిపిస్తూనే ఉంటుంది. వాళ్లకి తెలియనిది మిమ్మల్ని ఎవడు, ఎక్కడి నుంచి కొట్టాడన్నది. అది ముందు చెప్పండి. తర్వాత మీరున్న చోటికి రావచ్చో రాకూడదో చెప్పండి: "గోడ వెనకున్నా, రావచ్చు", లేదా "ఓపెన్‌లో ఉన్నా, స్మోక్ లేకుండా రావద్దు". మాట్లాడుతూనే కవర్ వైపు పాకండి. "రావద్దు, వదిలెయ్యండి" అనగలిగినవాడితో మళ్లీ మళ్లీ ఆడాలనిపిస్తుంది, ఎందుకంటే ఒకర్ని లేపబోయి నలుగురూ పోవడం రోజూ చూసేదే.

రివైవ్ చేసేవాళ్లు "వస్తున్నా" అని ఒక్కసారి అంటే అవతలివాడి టెన్షన్ సగం తగ్గుతుంది. రాలేకపోతే అదీ చెప్పేయండి. మౌనంగా ఉండిపోతే ఆ నాక్ అయినవాడు అరుస్తూనే ఉంటాడు, ఆ అరుపుల్లో మీకు అడుగుల చప్పుడు వినపడదు.

పూర్తిగా చనిపోయాక మీరు టీమ్‌మేట్ స్క్రీన్ చూస్తుంటారు. ఇప్పుడు మీరు చేయగల ఉపకారాలు రెండే. ఒకటి, మిమ్మల్ని చంపినవాళ్లు ఎక్కడున్నారో, ఎంతమందో చెప్పడం. రెండు, ఊరుకోవడం. మిగిలిన ఒక్కడు ఇద్దరితో తలపడుతుంటే ముగ్గురు ప్రేక్షకులు మూడు వైపుల నుంచి "లెఫ్ట్ లెఫ్ట్", "హీల్ అవ్వు ముందు", "అయ్యో రీలోడ్!" అని కామెంటరీ ఇస్తే వాడు ఎవడి మాట వింటాడు? మీకు స్క్రీన్ మీద కనిపిస్తున్నది అతనికీ కనిపిస్తోంది. అతనికి కనిపించనిది మీకు నిజంగా తెలిస్తేనే నోరు తెరవండి. వెళ్లిపోవాలనుకుంటే "ఆల్ ది బెస్ట్ బ్రో" అని వెళ్లిపోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

6. తిట్లు, అమ్మాయిలు, చిన్నపిల్లలు

గేమ్‌లో అందరూ తిట్టుకుంటారు కదా అనేవాళ్లకి నా దగ్గర పెద్ద సమాధానం లేదు, తిట్టాక ఆ రాండమ్ బాగా ఆడడం ఎప్పుడైనా చూశారా అని తప్ప. నూబ్ అనిపించుకున్నవాడు ఆ తర్వాత మైక్ ఆపేస్తాడు, ఇక వాడికి ఎనిమీ కనిపించినా చెప్పడు. నష్టం మీకే. తల్లుల మీదకీ, కులం మీదకీ, ఊరి మీదకీ వెళ్లే తిట్లు వినిపిస్తే వాదించకండి, మ్యూట్ చేయండి, మ్యాచ్ అయ్యాక రిపోర్ట్ కొట్టండి. ఆ వాదన కూడా మైక్‌లోనే జరుగుతుంది, మిగతా ఇద్దరూ అది వింటూ ఆడాలి.

తప్పు చెప్పాలంటే మ్యాచ్ తర్వాత చెప్పండి, ఈసారి ఏం చేయొచ్చో కలిపి చెప్పండి. "అక్కడికి ఎందుకెళ్లావ్?" అన్నదానికి నాక్ అయి పాకుతున్నవాడు ఏం చెప్తాడు? "ఈసారి నేను స్మోక్ వేశాక వెళ్దాం" అంటే వింటాడు.

స్క్వాడ్‌లో అమ్మాయి గొంతు వినిపించగానే "నిజంగా అమ్మాయివేనా? ఏ ఊరు? ఇన్‌స్టా ఐడీ ఏంటి?" అని మొదలుపెట్టేవాళ్ల వల్లే చాలామంది అమ్మాయిలు మైక్ లేకుండా ఆడుతున్నారు. ఆమె "165, రిడ్జ్ మీద ఇద్దరు" అంటే 165 వైపు తిరగండి, అంతే. మీ స్క్వాడ్‌లో ఇంకొకడు మొదలుపెడితే "గేమ్ ఆడు బ్రో" అని ఒక్కసారైనా అనండి. నవ్వి ఊరుకుంటే మీరూ వాడి పక్షానే ఉన్నారని ఆమెకి అర్థమవుతుంది. మీరే ఆ స్థానంలో ఉంటే సమాధానం చెప్పాల్సిన బాధ్యత మీకేమీ లేదు, ఊరు, కాలేజీ, ఫోన్ నంబర్ ఏదీ చెప్పొద్దు. ఇది అబ్బాయిలకీ వర్తిస్తుంది. ఫ్రీగా యూసీ (గేమ్‌లో వాడే డబ్బు) ఇప్పిస్తా, ఐడీ పాస్‌వర్డ్ ఇవ్వు అనేవాడు స్నేహితుడు కాదు.

గొంతు చూస్తే ఆరేడు తరగతుల పిల్లాడు అనిపిస్తే మాట జాగ్రత్త. బూతులు ఎలాగూ వద్దు, ఎగతాళి కూడా వద్దు, పని మాత్రం తేలికది ఇవ్వండి: "నువ్వు నా వెనకే ఉండు తమ్ముడూ, వెనకవైపు చూస్తుండు." పద్దెనిమిదేళ్ల లోపువాళ్లకి ఈ ఆటలో రోజుకి 3 గంటల పరిమితి ఉంది, అందుకే ఒక్కోసారి మంచి ఫైట్ మధ్యలో "టైమ్ అయిపోయింది అన్నా" అని వెళ్లిపోతారు. దానికి తిట్టకండి.

7. మధ్యలో లేవాల్సి వస్తే

అన్నం టైమ్ దగ్గరపడితే కొత్త మ్యాచ్ మొదలుపెట్టకపోవడమే మంచిది, ఒక క్లాసిక్ మ్యాచ్ చివరిదాకా వెళ్తే అరగంట పట్టొచ్చు. తప్పనిసరై లేస్తే ఏదో ఒక ఇంట్లో మూలకి వెళ్లి, "రెండు నిమిషాలు ఏఎఫ్‌కే, వస్తా" అని చెప్పి, మైక్ ఆపి లేవండి. మైక్ ఆపడం మర్చిపోతే ఏమవుతుందో ఊహించుకోండి, "పొద్దస్తమానం ఆ ఫోనేనా" అన్న అమ్మ తిట్లన్నీ పట్నా దాకా వినిపిస్తాయి. కరెంట్ పోయి వైఫై ఆగితే మొబైల్ డేటాతో మళ్లీ మ్యాచ్‌లోకి రావచ్చు. వచ్చాక "నెట్ పోయింది, వచ్చాను" అని ఒక మాట. చెప్పకుండా మాయమైతే మీ కోసం ముగ్గురూ జోన్ బయట ఎదురుచూస్తారు.

8. వేరే ఆటల్లో ఏం మారుతుంది

వాలరెంట్ అనే షూటింగ్ ఆటలో టీమ్‌కి ఐదుగురు, రౌండ్ చిన్నది, కాబట్టి మాట ఇంకా పొట్టిగా ఉండాలి. కంపాస్ బదులు చోటు పేర్లు ఉంటాయి, హెవెన్, మార్కెట్ లాంటివి, కొత్తవాళ్లు మినీ మ్యాప్ చూసి అవి నేర్చుకుంటే చాలు. దెబ్బని అంకెతో చెప్తారు, "జెట్, 84" అని (జెట్ అందులో ఒక పాత్ర). పెద్ద షీల్డ్ ఉన్న మనిషికి ప్రాణం మొత్తం 150 కాబట్టి ఇంకా 66 ఉందని వినేవాళ్లకి తెలుస్తుంది. స్పైక్ (బాంబు) పెట్టాక 45 సెకన్లకి పేలుతుంది, డిఫ్యూజ్‌కి 7 సెకన్లు, సగం చేసి వదిలితే ఆ సగం నిలిచి ఉంటుంది. అందుకే "హాఫ్ అయింది" అన్న రెండు ముక్కల మాట రౌండ్‌ని గెలిపించగలదు. చివరికి ఒక్కరే మిగిలినప్పుడు మిగతా నలుగురూ నిశ్శబ్దం, దీన్ని ఆ ఆటలో చాలా గట్టిగా పాటిస్తారు, మాట్లాడితే వెంటనే మ్యూట్ చేస్తారు. స్నేహితులు ముగ్గురు కలిసి వెళ్తే పార్టీ వాయిస్‌లోనే ఉండిపోకండి, టీమ్‌లో ఇంకో ఇద్దరున్నారు. పీసీలో మెకానికల్ కీబోర్డ్ టకటకలు వినిపించకుండా పుష్ టు టాక్ (బటన్ నొక్కితేనే మైక్ ఆన్ అయ్యేది) పెట్టుకోండి. డిస్కార్డ్ యాప్‌లో మాట్లాడుకుంటుంటే ఒక్కొక్కరి వాల్యూమ్ విడిగా తగ్గించుకోవచ్చు, అరిచేవాడిని అరవొద్దని బతిమాలడం కన్నా అదే తేలిక.

అమాంగ్ అస్‌లో, అంటే మనలో దాక్కున్న హంతకుణ్ని కనిపెట్టే ఆటలో, అంతా తలకిందులు. అక్కడ మీటింగ్ పెట్టినప్పుడే మాట్లాడాలి, టాస్కులు చేసేటప్పుడు అందరూ మ్యూట్. చనిపోయినవాడు "నన్ను చంపింది ఎర్రరంగువాడే!" అన్నాడంటే ఆట అక్కడితో అయిపోయినట్టే. అందరూ ఒకే గదిలో కూర్చుని ఆడుతుంటే చనిపోయినప్పుడు మొహం కూడా మామూలుగా పెట్టుకోవాలి, మైక్ కన్నా అది కష్టం.

9. మీ దగ్గర మైక్ లేకపోతే

ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు, లేదా హాస్టల్ గదిలో పక్కవాడికి రేపు పరీక్ష, లేదా మాట్లాడడం ఇష్టం లేదు, ఏదైనా కావచ్చు. మ్యాచ్ మొదట్లోనే "నో మైక్, కెన్ హియర్" అని చాట్‌లో టైప్ చేయండి. లేకపోతే మీరు పొగరుతో జవాబు ఇవ్వట్లేదనుకుంటారు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి క్విక్ చాట్‌లో మీకు రోజూ అవసరమయ్యే నాలుగైదు మాటలు ముందుకి తెచ్చుకోండి: ఎనిమీ ఉన్నారు, ఆగండి, నాకు మెడిసిన్ కావాలి, థాంక్స్. వాటిని కూడా సరదాకి పదేపదే నొక్కకండి, అవీ చెవిలోనే పడతాయి. కళ్లకి పనిచెప్పే మార్కర్‌ని ఎంత వాడినా పర్లేదు, పాత మార్కులు మాత్రం తీసేస్తూ ఉండండి. మంచి మార్కర్లు వేస్తూ నోరు మెదపని ఒక రాండమ్ దొరికితే, మ్యాచ్ అయ్యాక ఫ్రెండ్ రిక్వెస్ట్ పంపండి.